వార్డులో ఇన్‌ఛార్జి అయ్యాక ఒక్కొక్కరితో విడిగా ఎప్పుడు మాట్లాడాలి?

అమ్మా,

కొత్తగా ఇన్‌ఛార్జి సిస్టర్‌వయ్యావు. ఇరవై మంది స్టాఫ్ నర్సులు మూడు షిఫ్టుల్లో తిరుగుతుంటే ఒక్కొక్కరితో నెలకోసారి విడిగా కూర్చోవడం ఎలా అని అడిగావు కదా. సాధారణంగా అందరూ ప్రతి నెలా ఫలానా తేదీ అని పెట్టుకుంటారు. ఆ రోజుకి ఆ అమ్మాయి నైట్‌లోనో ఆఫ్‌లోనో ఉంటుంది. రెండు నెలలు తప్పిపోయాక ఆ పద్ధతే మూలన పడుతుంది. అందుకే మాట్లాడే రోజును తేదీకి కట్టకు, షిఫ్టుకి కట్టు.

మీ రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) ప్రతి మనిషికీ నాలుగు వారాల్లో రెండు వారాలు మార్నింగ్, ఒక వారం ఈవెనింగ్, ఒక వారం నైట్ వస్తాయి. కాబట్టి ఏ వారం చూసినా ఈవెనింగ్‌లో అయిదుగురు ఉంటారు. ఎవరి ఈవెనింగ్ వారంలో వాళ్లతో మాట్లాడు, రోజుకి ఒక్కరితోనే. ఆరో రోజు ఖాళీగా ఉంచు, తప్పిపోయినవాళ్లకి అది పనికొస్తుంది. మధ్యాహ్నం రెండింటికి హ్యాండోవర్ (దిగే షిఫ్టు ఎక్కే షిఫ్టుకి రోగుల్ని అప్పగించడం), ఆ వెంటనే మందులు, నాలుగింటికి విజిటర్లు. మధ్యలో మూడు నుంచి మూడుంబావు, మూడున్నర దాకా వార్డు కాస్త నెమ్మదిస్తుంది. నువ్వూ అప్పుడు డ్యూటీలోనే ఉంటావు. రోస్టర్ వేసేటప్పుడే ఆ పేరు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టు.

నువ్వు మాట్లాడే ఆ ఇరవై నిమిషాలు ఆ నర్సు పడకలు ఎవరు చూస్తారో బోర్డు మీద రాయి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, రాయకపోతే అయిదో నిమిషానికే "సిస్టర్, డ్రిప్ అయిపోయింది" అని తలుపు కొడతారు. ఇక ఆమె మనసు మాట మీద నిలవదు. నర్సింగ్ స్టేషన్‌లో కూర్చోవద్దు, బట్టలు మార్చుకునే గదీ వద్దు. నీ గదిలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి కూర్చో.

నైట్ దిగిన మనిషిని పొద్దున్న ఎనిమిదింటికి మాత్రం ఆపకు. నిద్రా ఆకలీ, ఎక్కాల్సిన బస్సూ మనసులో ఉంటాయి, ఏం అడిగినా తలూపి వెళ్లిపోతుంది. ఆఫ్ రోజున రమ్మనడం ఇంకా తప్పు. తప్పనిసరై పిలిస్తే ఆ సమయాన్ని డ్యూటీ కింద లెక్కకట్టు. కుటుంబ కారణాలతో ఎప్పుడూ నైటే అడిగి చేసేవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్ల కోసం నెలకో రాత్రి పదిన్నరకి నువ్వే వార్డుకి వెళ్లు. పది గంటల మందులు అప్పటికి అయిపోతాయి, తెల్లవారుజాము శాంపిల్స్‌కి ఇంకా టైం ఉంటుంది. తాగేనీళ్లు, గేటు దగ్గర చీకటి, డ్యూటీ డాక్టర్ ఫోన్ ఎత్తకపోవడం లాంటివి పగటి సమావేశాల్లో ఎప్పటికీ వినపడవు.

"అంతా బాగుందా?" అని అడిగితే "బాగుంది మేడమ్" అనే వస్తుంది. "పోయిన నైట్‌లో దేనికోసం ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది?", "హ్యాండోవర్‌లో ఏది చెప్పకపోవడం వల్ల ఇబ్బంది పడ్డావు?" అని అడుగు. సూది గుచ్చుకున్నా చెప్పకుండా ఊరుకున్నారేమో తప్పక కనుక్కో. రాత్రిపూట ఎవరిని లేపాలో తెలియక చాలామంది దాచేస్తారు. హెచ్‌ఐవీ నివారణ మందు రెండు గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటాక ఉపయోగం ఉండదు. ఆ మాట ప్రతి ఒక్కరికీ నీ నోటితోనే చెప్పు. మొదటి పది నిమిషాలు ఆమెవి, నీ మాటలు తర్వాత. సంక్రాంతి సెలవుల గొడవ మొదలైతే సమయమంతా దానికే పోతుంది, కాబట్టి సెలవులకి వేరే పుస్తకం పెట్టు. మెమో ఇవ్వాల్సిన తప్పుని కూడా ఇక్కడికి తేవద్దు. అది జరిగిన రోజే తేల్చు, లేకపోతే ఈ పిలుపంటేనే భయపడతారు.

"ఏదీ ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. రోగికి ప్రమాదమైన సంగతి పైకి చెప్పక తప్పదు. లైంగిక వేధింపుల సంగతైతే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అక్కడికి వెళ్లడానికి సాయం చెయ్యి. ఈ హద్దు ముందే చెప్పు.

మనిషికో పేజీ చొప్పున నోటుబుక్ పెట్టుకో. తేదీ, ఆమె అడిగింది, నువ్వు ఒప్పుకున్నది, ఎప్పటిలోగా చేస్తావు, ఇవి చాలు. ఇంటి విషయాలు, జబ్బుల సంగతులు రాయకు. పుస్తకం తాళంలో ఉండాలి. ఒప్పుకున్నది కుదరకపోతే తర్వాతి ఈవెనింగ్ వారం దాకా ఆగకుండా, "అడిగాను, ఇదీ కారణం, కుదరలేదు" అని హ్యాండోవర్ అయ్యాక పక్కకి పిలిచి చెప్పు. అడిగినదానికి జవాబే రాకపోతే మరుసటి నెల నోరు విప్పరు.

వచ్చే నెల రోస్టర్‌లో పెన్సిల్ గుర్తులు పెట్టాక ఒకసారి నాకు చూపించు. ఆఫ్‌లు అడ్డొచ్చే చోట సర్దుదాం.

ఆశీస్సులతో,
మీ పెద్ద సిస్టర్