అమెరికాలో సోబర్ లివింగ్ హోమ్‌ను జోనింగ్ రూల్‌తో సిటీ ఆపేయగలదా?

మందు, డ్రగ్స్ మానేసి కోలుకుంటున్నవాళ్లు ఉంటారన్న కారణంతో సిటీ ఆ ఇంటిని ఆపడానికి వీల్లేదు. అవసరమైతే తన జోనింగ్ రూల్‌ను, అంటే ఏ ఏరియాలో ఎలాంటి ఇళ్లు ఉండొచ్చో చెప్పే నిబంధనను, కొంత సడలించాలి కూడా.

ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం, 1988 సవరణతో, వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లను వైకల్యం ఉన్నవాళ్లలాగే కాపాడుతుంది. అందరిలా ఒక ఇంట్లో బతకడానికి వాళ్లకు కావాల్సిన సహేతుకమైన సడలింపు ఇవ్వకపోతే చట్టం దృష్టిలో అది వివక్షే.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్‌లో, ఒంటి కుటుంబాల ఏరియాలో బంధుత్వం లేనివాళ్లు ఒకే ఇంట్లో ఐదుగురికి మించి ఉండకూడదనే రూల్ ఉండేది. అక్కడి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అనే సోబర్ లివింగ్ హోమ్‌లో పది, పన్నెండు మంది ఉండేవారు. అద్దె పంచుకోవాలన్నా, మళ్లీ జారిపోకుండా ఒకరికొకరు కాపు కాయాలన్నా అంతమంది కావాలి మరి. ఇలాంటి రూల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం పరిధిలోకే వస్తుందని, తప్పించుకోలేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది.

దీన్ని చాలామంది 'ఏ రూలూ వర్తించదు' అని పొరపాటుగా అర్థం చేసుకుంటారు. అగ్నిప్రమాద జాగ్రత్తల వంటి అందరికీ ఉన్న నిబంధనలు ఈ ఇళ్లకూ ఉంటాయి. సిటీపై మోయలేని భారం వేసే సడలింపును నిరాకరించవచ్చు. ఇప్పటికీ అక్రమంగా డ్రగ్స్ వాడుతున్నవాళ్లకు ఆ వాడకం పేరుతో ఈ రక్షణ దొరకదు.