ఒకే సైజు ట్యాబ్, ధరలో ఇంత తేడా ఎందుకు?

హనుమకొండ చౌరస్తాలోని షాపుల్లో 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ 15 వేలకు దొరుకుతుంటే, అదే సైజు ఐప్యాడ్ దాదాపు 35 వేలు ఎందుకని ప్రశ్న.

స్క్రీన్ ఒక్కటే చూస్తే ఈ పోటీ అర్థం కాదు. 2010లో యాపిల్ ఐప్యాడ్‌ను 499 డాలర్లకు తెచ్చింది. మరుసటి ఏడు హెచ్‌పీ అదే ధరకు టచ్‌ప్యాడ్ దింపి, రెండు నెలలు నిండకముందే చేతులెత్తేసి, మిగిలిన సరుకును 99 డాలర్లకు వదిలించుకుంది. దెబ్బతీసిన వాటిలో యాప్‌ల కొరత ముఖ్యమైనది. అదే 2011లో అమెజాన్ కిండిల్ ఫైర్‌ను 199 డాలర్లకే అమ్మింది, లాభం పుస్తకాలు, వీడియోల మీద చూసుకుందామని. అప్పట్నుంచి చాలా ఆండ్రాయిడ్ కంపెనీలు కొట్లాడేది తక్కువ ధరలోనే.

ఆ తగ్గింపు డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయని చోట జరుగుతుంది. చవక ట్యాబ్‌లో తరచూ ఈఎంఎంసీ అనే పాత రకం స్టోరేజీ ఉంటుంది. యూఎఫ్ఎస్ అనే కొత్త రకం కన్నా నెమ్మది, నిండేకొద్దీ మొరాయిస్తుంది. 4 జీబీ ర్యామ్‌తో క్లాస్ వీడియో నుంచి పీడీఎఫ్‌కు పోయి వస్తే వీడియో తరచూ మళ్లీ లోడవుతుంది. వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే వ్యవస్థ ఎల్3 స్థాయిలో ఉంటే పెద్ద ఓటీటీల్లో హెచ్‌డీ రాదు, పై స్థాయి ఎల్1 ఉండాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో కూడా అడగండి, చాలామంది ఇదే మరిచిపోతారు.

ఇంటర్ పిల్లలకు 6 జీబీ ర్యామ్, 128 జీబీ యూఎఫ్ఎస్ ఉన్న వైఫై మోడల్ చాలు. నెట్‌కు ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. నోట్స్ రాయాలంటే మాత్రం ఆ మోడల్‌కు సరిపోయే పెన్ను ఉందో లేదో ముందే చూడండి. ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ ట్యాబ్ మీద తరచుగా పనిచేయదు.