డంబెల్ ప్రెస్‌లో అరచేతులు ఎటు తిరిగి ఉండాలి?

డంబెల్ ప్రెస్ (బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రెండు డంబెల్స్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టడం) అరచేతులు పాదాల వైపు తిప్పి చేస్తే భుజం ముందు భాగంలో గుచ్చుతోంది, ఎదురెదురుగా పెట్టి చేస్తే నొప్పి లేదు కానీ ఛాతీకి పట్టినట్టే ఉండటం లేదు, ఏది కరెక్ట్ అని అడిగారు. ఇదే తలనొప్పి, అంటే భుజం నొప్పి, నేనూ చాలా నెలలు పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బరువేమీ వద్దు. కుర్చీలో కూర్చుని ఎడమ అరచేతిని కుడి ఛాతీ మీద, చంకకు దగ్గరగా పెట్టుకోండి. కుడి చేయి ముందుకు చాపి, మోచేయి కొద్దిగా మడవండి. ఇప్పుడు మోచేయి కదలకుండా తాళం తిప్పినట్టు అరచేయి మాత్రం అటూ ఇటూ తిప్పండి. ఛాతీలో ఏమైనా తెలిసిందా? దాదాపు ఏమీ తెలియదు. ఇప్పుడు అరచేయి తిప్పడం ఆపి, కుడి మోచేతిని ఎడమ భుజం వైపు లాగండి. వేళ్ల కింద కండరం బిగుసుకోవడం స్పష్టంగా తెలుస్తుంది.

కారణం సింపుల్. ఛాతీ కండరం కాలర్ బోన్ దగ్గర, రొమ్ము ఎముక దగ్గర మొదలై దండచేయి ఎముక పై భాగానికి అతుక్కుంటుంది. మోచేయి దాటి కిందికి రాదు. ముంజేయి ఎటు తిరిగిందో దానికి పట్టదు, దండచేయి ఏ దారిలో వెళ్తోందన్నదే దానికి ముఖ్యం.

మరి అరచేయి తిప్పితే తేడా ఎందుకు తెలుస్తుంది? అరచేయి తిరిగిన చోటికి మోచేయి కూడా పోతుంది కాబట్టి. అరచేతులు పాదాల వైపు పెడితే మోచేతులు మనకు తెలియకుండానే భుజాలకు సమానంగా పక్కలకు పరుచుకుంటాయి. ఛాతీ బాగా సాగుతుంది, నిజమే. కానీ ఆ భంగిమలో లోతుగా దించితే భుజం ముందు భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. మీకు గుచ్చుతున్నది అక్కడే అయి ఉండొచ్చు. అరచేతులు ఎదురెదురుగా పెడితే మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా వస్తాయి. భుజానికి హాయి, కానీ పనిలో ఎక్కువ వాటా భుజం ముందు కండరానికీ, దండచేయి వెనక ఉండే ట్రైసెప్స్‌కీ వెళ్లిపోతుంది. ఛాతీలో కూడా కాలర్ బోన్ దగ్గరి పై భాగమే ఎక్కువగా పాల్గొంటుంది.

నాకు కుదిరింది ఈ రెండింటికీ మధ్య రకం. మోచేయి శరీరానికి 45 నుంచి 60 డిగ్రీల దూరంలో ఉంటుంది, అరచేతులు సగం తిరిగి ఉంటాయి. డంబెల్స్‌కు బొటనవేళ్ల వైపున్న చివరలు కాస్త లోపలికీ, కాస్త తల వైపుకీ చూస్తాయి. పై నుంచి చూస్తే రెండు డంబెల్స్ ఇంటి కప్పులా వాలుగా కనిపించాలి. రెండు చేతులతో పట్టుకునే పొడవాటి బార్‌బెల్‌తో ఈ సౌకర్యం లేదు, బార్ చేతిని ఒకే కోణంలో బిగించేస్తుంది. డంబెల్ కొన్నదే ఈ స్వేచ్ఛ కోసమైనప్పుడు దాన్ని బార్‌బెల్‌లా పట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంకో విషయం, నేను చేసిన తెలివితక్కువ పని. పైకి నెట్టాక చిటికెన వేళ్లు ఒకదానికొకటి తగిలేలా మణికట్టు తిప్పితే ఛాతీ బాగా బిగుస్తుందని ఎవరో చెబితే నెలల తరబడి అలాగే చేశాను. నిజానికి దండచేతిని లోపలికి తిప్పడం ఛాతీ కండరం చేసే పనుల్లో ఒకటి. చిటికెన వేళ్లు దగ్గరకు వచ్చేలా తిప్పడం దానికి సరిగ్గా వ్యతిరేకం. పైన బిగుతు తెలియడానికి కారణం చేతులు దగ్గరకు రావడం, అంతే. నాకు మిగిలింది మణికట్టు నొప్పి.

చివరికి ఫోన్‌ను పాదాల వైపు నేల మీద పెట్టి ఒక సెట్ (ఆపకుండా వరసగా చేసే విడత) వీడియో తీశాను. ఎడమ ముంజేయి నిట్టనిలువుగా ఉంది. కుడి వైపు డంబెల్ మాత్రం మోచేతి కంటే నాలుగు వేళ్లు లోపలికి వాలి ఉంది. అలా వాలితే ట్రైసెప్స్ మీద భారం పెరుగుతుంది. బయటికి వాలితే ప్రెస్ కాస్తా సగం ఫ్లై (చేతులు పక్కలకు చాచి మళ్లీ దగ్గరకు తెచ్చే వ్యాయామం) అయిపోతుంది. మణికట్టు మోచేతికి నేరుగా పైన ఉండాలన్న ఒక్క సంగతి పట్టుకున్నాక, అరచేయి ఎటు ఉండాలన్న టెన్షన్ సగం తగ్గిపోయింది. బరువు 20 కిలోల నుంచి 12 కిలోలకు దించి, మూడు సెకన్లు లెక్కపెట్టుకుంటూ కిందికి దించేవాణ్ణి. దండచేయి బెంచ్ మట్టం కంటే కొద్దిగా కిందికి రాగానే ఆపేవాణ్ణి. మీరూ ఓ మూడు నాలుగు వారాలు ఇలా చేసి చూడండి. అయినా గుచ్చుతూనే ఉంటే, లేదా రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే, డాక్టర్‌కు చూపించండి.

పట్టు సంగతి కూడా చూసుకోండి. హ్యాండిల్ వేళ్ల మొదట్లో ఉంటే మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగుతుంది. అరచేతి కింది భాగంలో, చిటికెన వేలి వైపున్న దిండు మీద కూర్చోబెడితే బరువు నేరుగా ముంజేతి ఎముకల మీదికి దిగుతుంది. బొటనవేలు తప్పకుండా చుట్టాలి. అది చుట్టకుండా చేసేవాళ్లను చూస్తే నాకు వాళ్ల ముఖం గురించి భయం.

ఫ్లైకి మాత్రం ఎదురెదురు అరచేతులే మేలు. పైదాకా తీసుకొచ్చి తగిలించడం వల్ల పెద్ద లాభం లేదు, అక్కడ బరువు భుజం మీద నిలువుగా నిలబడుతుంది కాబట్టి ఛాతీకి పని ఉండదు. అసలు పని కింది సగంలోనే. అరచేతులు తల వైపు తిప్పే రివర్స్ గ్రిప్‌ను నేను రెండు వారాలు చేసి మానేశాను. ఛాతీ పై భాగానికి తెలుస్తుంది కానీ డంబెల్స్ ఆ స్థితిలోకి తేవడమే ఒక సర్కస్. చేయాలనుకుంటే తేలిక బరువుతో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని చేయండి.

అన్నట్టు, అంతా సర్దుకున్నాక నా భుజం ఒక్కసారి మళ్లీ పట్టేసింది. అది ప్రెస్ చేస్తున్నప్పుడు కాదు. చివరిసారి నెట్టడం అయ్యాక అరచేతులు పాదాల వైపే ఉంచి, పడుకునే ఉండి డంబెల్స్‌ను రెండు పక్కలకూ వదిలేశాను. ఇప్పుడు సెట్ అవగానే అరచేతులు ఎదురెదురుగా తిప్పి, డంబెల్స్‌ను ఛాతీ మీదికి తెచ్చుకుని, మోకాళ్లు పైకెత్తి వాటిని తొడలకు ఆనించి, ఆ ఊపుతోనే లేచి కూర్చుంటున్నాను.