మంచే పడని దేశాలకి ఐస్ హాకీ జట్లు ఎలా వచ్చాయి? మా బాబు ఆడగలడా?

మీ ప్రశ్న చదివాను. మన ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ పదేళ్ళ బాబు చక్రాల స్కేట్లు వేసుకుని వీధిలో తిరుగుతుంటాడు, ఫోన్లో ఫిలిప్పీన్స్ ఐస్ హాకీ జట్టు ఆట చూసి ఇక నేనూ అదే ఆడతానని పట్టు పట్టాడు. మంచే పడని దేశానికి ఆ జట్టు ఎలా వచ్చింది, మన వైపు పిల్లలకి అసలు దారంటూ ఉందా అని అడిగారు. "ముందు చదువు సంగతి చూడండి" అనేవాళ్ళు మీ చుట్టుపక్కల బోలెడుమంది ఉంటారు కాబట్టి ఆ మాట నేను చెప్పను.

మాది బరంపురం. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ ట్రేడు చేసి, గోపాల్‌పూర్ వైపు చేపల ఐసు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత మలేషియా వెళ్ళాను. కౌలాలంపూర్ దగ్గర ఒక పెద్ద మాల్‌లో చిల్లర్ ప్లాంటు, అంటే చల్లదనం పుట్టించే మెషీన్ల మెయింటెనెన్స్, ఆ మాల్‌లో ఐస్ రింకు, అంటే స్కేటింగ్ చేసే ఐసు నేల కూడా ఉండేది. అంటే ఈ ఆటని నేను కంప్రెసర్ రూం వైపు నుంచి చూశాను. కోచ్‌ని కాను, ఆ స్కేట్లు వేసుకుని నిలబడటం కూడా నాకు సరిగ్గా రాదు, కాబట్టి ఆట మెళకువలు నన్ను అడక్కండి.

సూటిగా చెప్పాలంటే ఐస్ హాకీకి చలి దేశం అక్కర్లేదు. రింకు కావాలి, ఆ రింకులో హాకీ వాళ్ళకి దొరికే గంటలు కావాలి. మిగతావన్నీ వీటి తర్వాతే.

రింకు అంటే బ్రహ్మవిద్యేం కాదండి. మన ఐసు ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ ట్యాంకులో కేన్లు ముంచి దిమ్మలు కట్టిస్తారు కదా, అదే పనిని నేల మీద పరిచి చేసినట్టు. కాంక్రీటు నేలలో దగ్గర దగ్గరగా పైపులు, వాటిలో గడ్డకట్టకుండా గ్లైకాల్ అనే రసాయనం కలిపిన చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది, పైన నీళ్ళు పల్చగా కొడుతూ పొర మీద పొర గడ్డకట్టిస్తారు. అంతా కలిపి రెండంగుళాల మందం కూడా ఉండదు. చలి పుట్టించడం పెద్ద కష్టం కాదు, అసలు తంటా గాలిలో తేమతో. తేమ ఎక్కువైతే ఐసు మీద పొగమంచు లేచి అవతలి గోలు కనపడదు, పైన ఇనుప దూలాలకి పట్టిన నీళ్ళు చుక్కలుగా రాలి ఐసు మీద బొడిపెల్లా గడ్డకడతాయి, స్కేటు బ్లేడు ఒక్క బొడిపెకి తగిలితే మనిషి బోర్లా పడాల్సిందే. వాన పడే సాయంత్రం ఎవడో సామాను దించుకుంటూ వెనక తలుపు బార్లా తెరిచి వదిలేస్తే నాకు ఇక టెన్షనే. తేమ లాగే మెషీన్లు రాత్రీ పగలూ తిరగాలి, కంప్రెసర్లు తిరగాలి, కరెంటు మీటరు కూడా వాటితోపాటే తిరుగుతుంది.

ఇంకోటి, ఇది చూసినవాళ్ళెవరూ నమ్మరు. ఆటకీ ఆటకీ మధ్య ఒక బండి తిరిగి పైపొర గీకి నీళ్ళు పోస్తుంది చూడండి, ఆ పోసేది వేడినీళ్ళు. వేడినీళ్ళలో కరిగి ఉండే గాలి తక్కువ, పైగా కింది పొరని కాస్త కరిగించి దాంతో కలిసిపోయి నునుపుగా, గట్టిగా గడ్డకడుతుంది. గీకిన తెల్లటి పొడిని మేం బయట కాలువ పక్కన గుమ్మరించేవాళ్ళం. మండుటెండలో మంచు కుప్ప, దాని పక్కన అరటి చెట్టు. కొత్తగా పనిలో చేరిన బంగ్లాదేశ్ కుర్రాళ్ళు అది కరిగేలోపు గబగబా దాని మీద కూర్చుని ఫోటోలు దిగి ఇంటికి పంపేవాళ్ళు.

ఇంత కరెంటు తాగే ఐసుని మాల్ వాడు ఊరికే పెట్టుకోడు. పగలంతా టికెట్టు కొన్న జనం, స్కూలు పిల్లలు, పుట్టినరోజు పార్టీలు. హాకీ వాళ్ళకి మిగిలేది షాపుల షట్టర్లు దించాక, లేదంటే తెల్లవారుజామున. నా నైట్ డ్యూటీల్లో చూసేవాణ్ణి, పదిన్నర దాటాక మనిషంత బ్యాగులు ఈడ్చుకుంటూ దిగేవాళ్ళు, మలయ్‌లు, చైనీస్ వాళ్ళు, ఒకరిద్దరు తమిళ కుర్రాళ్ళు. ఆఫీసు షర్టు మీదే వచ్చి అక్కడే మార్చుకునేవాళ్ళు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడటం, వచ్చి బెంచీ మీద కూలబడటం, వేరేవాళ్ళు దిగటం, ఆ ఆట తీరే అంత. పక్కులు మా స్టాఫ్ ఫ్రీజర్లో దాచుకునేవాళ్ళు, మా చేపల కూర డబ్బా పక్కనే. పక్కు అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, బరువు 170 గ్రాముల లోపు. వెచ్చగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది, గడ్డకట్టించి పెడితేనే చక్కగా జారుతుంది. వీళ్ళలో దేశం జెర్సీ వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారని నాకు ఎవరో చెప్తే తెలిసింది. పొద్దున్న మళ్ళీ ఉద్యోగాలకి పోవాలి వాళ్ళు.

మీ బాబు చూసిన ఫిలిప్పీన్స్ జట్టు కూడా ఇలా మాల్స్‌లోంచి పుట్టిందే. మనీలాలో మాల్ రింకులు చాలా ఏళ్ళుగా ఉన్నాయి, అక్కడ స్కేటింగ్ నేర్చుకున్న పిల్లలు పెద్దయ్యారు, విదేశాల్లో ఆడి తిరిగొచ్చినవాళ్ళు వాళ్ళతో కలిశారు. 2016లో ఆ దేశం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. 2017లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో ఐస్ హాకీని మొదటిసారి పెడితే బంగారు పతకం వీళ్ళే కొట్టుకుపోయారు. 2023లో మంగోలియా వెళ్ళి ప్రపంచ చాంపియన్‌షిప్ కింది డివిజన్‌లో కూడా ఆడారు. కెనడా, రష్యాలతో పోల్చకండి, అది వేరే లోకం. కానీ చేరిన ఏడాదికే పతకం అంటే అంతకుముందు ఎన్ని అర్ధరాత్రులు ఆడి ఉంటారో ఆలోచించండి.

జమైకాది ఇంకో రకం. దేశంలో ఒక్క ఐస్ రింకు కూడా లేకుండా 2012లో సమాఖ్యలో చేరారు, కెనడాలో, అమెరికాలో పుట్టిపెరిగిన జమైకా సంతతి ఆటగాళ్ళని పోగేసి 2019లో ఫ్లోరిడాలో జరిగిన లాటిన్ అమెరికా కప్పు గెలిచేశారు. వినడానికి గొప్పగానే ఉంటుంది, నాకైతే ఆ దారి అంత నచ్చదు. కింగ్‌స్టన్‌లో ఉన్న పిల్లాడికి దానివల్ల ఆడుకునే ఐసు రాలేదు కదా.

ఇక మన దేశం. ఒడిశాలో హాకీ అనగానే రూర్కెలా, సుందర్‌గఢ్, మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ అని మొదలుపెడతారు, 2018 నుంచి దేశం జట్టు జెర్సీ మీద మన రాష్ట్రం పేరు కూడా ఉంది, అది గడ్డి మీద మొదలై టర్ఫ్ మీదకి వెళ్ళిన హాకీ. ఐస్ హాకీ అంటే మాత్రం దాదాపు మొత్తం లద్దాఖ్, కొంత హిమాచల్‌లోని స్పితి. లేహ్‌లో చెరువులు గడ్డకడితే వాటి మీదే ఆట, అది డిసెంబరు చివర మొదలైతే ఫిబ్రవరి మధ్యకల్లా కరిగిపోతుంది. అంటే చలి ప్రాంతంలో పుట్టిన లద్దాఖ్ పిల్లకి ఏడాదికి రెండు నెలలే ఐసు, ఉక్కపోతలో పుట్టిన మనీలా పిల్లకి ఏడాది పొడుగునా ఐసు! ఈ మధ్య లేహ్‌లో కృత్రిమ ఐసు రింకు వచ్చాక పరిస్థితి కాస్త మారుతోంది. దేహ్రాదూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం పెద్ద ఇండోర్ రింకు కట్టారు, 2012లో అక్కడ ఆసియా చాలెంజ్ కప్పు పోటీలు కూడా పెట్టారు, తర్వాత నడిపే ఖర్చు భరించలేక ఏళ్ళ తరబడి మూసేశారు. కట్టడం ఒకసారి ఖర్చు, ఐసు నిలబెట్టడం రోజూ ఖర్చు, ఈ సంగతి మాలాంటి చిల్లర్ వాళ్ళని అడిగినా చెప్పేవాళ్ళం. 2025లో మళ్ళీ తెరిచారు, సంతోషం.

అంత తక్కువ ఐసుతోనే మన ఆడపిల్లలు ఏం చేశారో చూడండి. చందాలు పోగు చేసుకుని 2017లో బ్యాంకాక్ వెళ్ళి ఫిలిప్పీన్స్‌నే 4-3తో ఓడించారు, అంతర్జాతీయ ఆటలో వాళ్ళకి అదే మొదటి గెలుపు. ఆ తర్వాతి ఏడాది, నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలున్న కెనడా ఆవిడ హేలీ వికెన్‌హైజర్ లేహ్‌కి వచ్చి వాళ్ళతో ఆడింది. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో కాంస్యం తెచ్చారు. మీ బాబుకి ఫిలిప్పీన్స్ వీడియోలతోపాటు వీళ్ళవి కూడా చూపించండి.

ఇప్పుడు మీ బాబు సంగతి. అబద్ధం చెప్పి లాభం లేదు, పర్లాకిమిడి నుంచి దేశం ఐస్ హాకీ జట్టుకి వెళ్ళడం ఇవాళ్టికైతే చాలా కష్టం. పుట్టిన దగ్గర్నుంచి చెరువు మీద ఆడినవాళ్ళతో, సైన్యం, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు) జట్లతో పోటీ అది. కానీ చక్రాల మీద మొదలైన పిల్లాడికి దారి మూసుకుపోలేదు. ఇన్‌లైన్ హాకీ అని ఉంది, చక్రాలు ఒకే వరసలో ఉండే స్కేట్లతో ఆడేది, కర్రా పక్కూ ఇంచుమించు ఐస్ హాకీవే, గోలీ (గోల్ కీపరు) కాక నలుగురు ఆడతారు. రోలర్ హాకీ అని ఇంకోటి ఉంది, రెండు ముందు రెండు వెనక చక్రాలు, పొట్టి వంపు కర్ర, బంతి. చాలామంది రెండూ ఒకటే అనుకుని తప్పు స్కేట్లు కొనేస్తారు. మన దగ్గర స్కేటింగ్ సమాఖ్య నేషనల్స్‌లో రెంటికీ వేరువేరుగా పోటీలు ఉంటాయి. మీ బాబుకి ఐసే కావాలంటే మొదటిది.

మా అక్క కొడుకు సెలవుల్లో విశాఖలో మా చెల్లెలి ఇంట్లో ఉండి ఇన్‌లైన్ నేర్చుకున్నాడు. మీకు గుణుపూర్ నుంచి విశాఖ ప్యాసింజర్ మీ ఊరి మీదుగానే పోతుంది, అక్కడ స్కేటింగ్ రింకులు, నేర్పేవాళ్ళు ఉన్నారు, సెలవులకి పంపడం సులువు. మావాణ్ణి ఒకసారి ఢిల్లీ పెళ్ళికి వెళ్ళినప్పుడు గుర్గావ్ మాల్‌లోని చిన్న ఐసు రింకుకి తీసుకెళ్ళాను. దిగిన ఐదు నిమిషాల్లోనే జనంలోంచి దూసుకుపోతున్నాడు, నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను, అంతలో ఎదురుగా గోడ వచ్చింది, వాడికి ఆగడం రాదు. నేరుగా వెళ్ళి గుద్దుకున్నాడు. చక్రాల మీద వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆపుతారు, ఐసు మీద రెండు పాదాలూ ఒక్కసారి పక్కకి తిప్పి బ్లేడు అంచుతో ఐసుని గీరి ఆపాలి, నడుము కిందకి దించాలి. మలేషియాలో కూడా చక్రాల నుంచి వచ్చిన కుర్రాళ్ళందరికీ ఇదే జబ్బు, వేగం ఉంటుంది, బ్రేకు ఉండదు, మొదట్లో రింకు గోడలు దడదడలాడేవి. కొన్ని సాయంత్రాలు కుదిరితే అలవాటైపోతుంది. తూలకుండా నిలబడటం, మలుపులు, వెనక్కి నడవడం, తల ఎత్తి కర్ర ఆడించడం, ఇవన్నీ చక్రాల మీదే వచ్చేస్తాయి కాబట్టి ఇప్పుడు చేసేదేదీ వృథా పోదు.

ఒకవేళ ఐసు దాకా వెళ్ళలేకపోయినా చక్రాల ఆటే చిన్నదేం కాదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఆడ, మగ స్కేటింగ్ రిలే జట్లు రెండూ కాంస్యం తెచ్చాయి, తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో స్పీడ్ స్కేటింగ్‌లో ప్రపంచ చాంపియనే అయ్యాడు. చెన్నై ఎండ మన ఎండకేం తీసిపోదు.

ఖర్చు అంటారా, ఇన్‌లైన్ మొదలుపెట్టడానికి స్కేట్లు, హెల్మెట్, మోచేతులకీ మోకాళ్ళకీ గార్డులు, కర్ర చాలు. గోలీ అవుతానంటే మాత్రం ఇప్పుడే వద్దనండి, ఆ కిట్టు ధరకి సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది. పెరిగే పిల్లాడికి కొత్త స్కేట్లు కొనకండి, పైన చెప్పినట్టు ముందు ఇంట్లో ఉన్న స్కేట్ల చక్రాలు ఒకే వరసలో ఉన్నాయా, రెండు రెండుగా ఉన్నాయా చూడండి. రెండు రెండుగా ఉంటే బాబు పాదం కొలత సెంటీమీటర్లలో రాయండి, మా మేనల్లుడికి బిగుతైపోయిన ఇన్‌లైన్ జత ఒకటి అటక మీద ఉంది, బేరింగులు మార్పిస్తే నడుస్తుంది, సరిపోతే బస్సు పార్సిల్‌లో వేస్తాను.