రెండు వైపులా ‘బాగానే ఉన్నా’

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పెళ్లై ఏడాదిన్నర అయింది. మా ఆయన సైన్యంలో పనిచేస్తారు. క్వార్టర్‌లో ఉంటాం. మా వాళ్లైనా, అత్తయ్య వాళ్లైనా తలచుకున్నప్పుడు వెళ్లొచ్చేంత దగ్గర్లో లేరు. నెలలో సగం రోజులు ఆయన ఇంట్లో ఉండరు. ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. ఫోన్ వస్తే రెండు నిమిషాలు. ‘ఎలా ఉన్నావ్?’ ‘బాగానే ఉన్నా. మీరు?’ ‘బాగానే ఉన్నా.’ అంతే. కిందటిసారి 40 రోజుల తర్వాత వచ్చారు. రెండో రోజే, నేను బయటికెళ్లి వచ్చేసరికి అల్మారా మొత్తం మార్చి సర్దేశారు. ‘ఇక్కడ ఉండేది నేను, నా వస్తువులు ముట్టుకోవద్దు’ అని అరిచేశాను. మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. అమ్మకు చెబితే ‘వచ్చేయ్, ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యాక చూద్దాం’ అంటోంది. అత్తయ్య రోజూ ఫోన్ చేసి ‘వాడి కబురేమైనా తెలిసిందా’ అంటారు. పక్క క్వార్టర్లలో అందరూ ధైర్యంగానే కనిపిస్తారు. సైనికుడి భార్యగా ఉండే గుణం నాకే లేదేమో. మూడు వారాల్లో ఆయన మళ్లీ వెళ్తున్నారు. నేను అమ్మ దగ్గరికి వెళ్లిపోనా?

జవాబు:

మీ ఉత్తరంలో నేను ఆ అల్మారా దగ్గరే ఆగిపోయాను. అమ్మ మాటా, అత్తయ్య ఫోనూ తర్వాత చూద్దాం.

ఆయన లేని 40 రోజులూ ఆ ఇంటిని మీరొక్కరే నడిపారు. ఏ వస్తువు ఎక్కడుండాలో, పడుకునే ముందు గడియ ఎన్నిసార్లు చూసుకోవాలో మీకంటూ ఒక పద్ధతి పడింది. ఆ పద్ధతి పట్టుకునే మీరు నిలబడ్డారు. ఇక ఆయన సంగతి. అక్కడ లేవడం, తినడం, నడవడం అన్నీ ఒకరు చెప్పినట్టే. ఇంటికొస్తే తన చొక్కా ఎక్కడుందో కూడా మిమ్మల్ని అడగాల్సి వచ్చి ఉంటుంది. చుట్టం చూపుగా వచ్చినట్టు అనిపించి ఉంటుంది. నేనూ ఈ ఇంటివాణ్నే అనుకోవడానికి ఆయన చేతికి దొరికింది ఆ అల్మారా. మీకేమో మీరు ఒంటరిగా కట్టుకున్న గూడు మీద చెయ్యి పడ్డట్టయింది. ఆయన సర్దడంలో తప్పు లేదు, మీకు కోపం రావడంలోనూ తప్పు లేదు. మూడు రోజుల మౌనం మాత్రం ఇద్దరూ కలిసి చేసిన పని.

పాలీన్ బాస్ అని ఒక అమెరికన్ పరిశోధకురాలు ఉన్నారు. 1970లలో, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలను ఆవిడ దగ్గరగా చూశారు. మనిషి ఎదుట లేడు, అయినా ఇంట్లో ప్రతి నిర్ణయంలోనూ ఉన్నాడు. కొన్ని ఇళ్లలో దీనికి తలకిందులుగా, మనిషి ఎదుటే ఉంటాడు, మనసు మాత్రం ఎక్కడో ఉంటుంది. ఉన్నట్టా లేనట్టా తేలని ఈ స్థితి ఎంత నలిపేస్తుందో చెప్పడానికే ఆవిడ ఒక సిద్ధాంతం కట్టారు. మనం ‘తేలని వియోగం’ అనుకోవచ్చు. మీది అంత బరువైన కథ కాదు, ఆయన తిరిగొస్తున్నారు. కానీ ఆ రెండు రకాలూ మీ ఇంట్లో వంతులవారీగా నడుస్తున్నాయి. ఆయన వెళ్లినప్పుడు మొదటిది, వచ్చి మాటల్లేకుండా ఉన్నప్పుడు రెండోది.

ఇంకో మాట. మీకు ఆ గుణం లేదేమో అన్నారు. కేథలిన్ వెస్టల్ లోగన్ అనే ఆవిడ 1987లో, నౌకాదళంలో పనిచేసేవారి భార్యల అనుభవాల నుంచి ఒక వ్యాసం రాశారు. భర్త బయల్దేరడానికి కొన్ని వారాల ముందు మొదలై, తిరిగొచ్చి కుదురుకునేదాకా ఆడవాళ్ల మనసు ఏడు దశలు దాటుతుందన్నారు. వెళ్లే ముందు ఊరికే చిరాకు రావడం, దూరం జరగడం అందులో ఒక దశ. తిరిగొచ్చాక ఇంట్లో ఎవరి పెత్తనం ఎంత అని మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవడం ఇంకో దశ. అంటే మీ అల్మారా గొడవకు మీరు పుట్టకముందే చోటు కేటాయించి పెట్టారు! పక్క క్వార్టర్లలో ధైర్యంగా కనిపించేవాళ్లంతా ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఉన్నవాళ్లే. వాళ్లకూ మీరు ధైర్యంగానే కనిపిస్తుంటారు.

మరి దిద్దుకోవాల్సింది ఏమీ లేదా అంటే, ఉంది. ఆ ‘బాగానే ఉన్నా’.

అక్కడ ఆయన మనసు చెదరకూడదని మీరు దాస్తున్నారు, ఇక్కడ మీరు దిగులుపడకూడదని ఆయన దాస్తున్నారు. ప్రేమతోనే. కానీ దాచడానికి ఒక ఖరీదుంది. కోయ్న్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో, గుండెపోటు నుంచి కోలుకుంటున్న భర్తలనూ వాళ్ల భార్యలనూ పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. భర్తకు తెలియకూడదని తమ కష్టాన్ని మింగేసిన భార్యల్లో దిగులు ఎక్కువగా కనిపించింది. మీ విషయంలో ఇంకోటి కూడా జరుగుతోంది. 40 రోజులు ‘బాగానే ఉన్నా’ అన్న మనిషి, ఆయన ఇంటికి రాగానే అరిచింది. ఎందుకో ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలిసినంతవరకు మీరు బాగానే ఉన్నారు.

అయితే అన్నీ చెప్పమంటే ఆయన ఉద్యోగంలో కుదరదు. అందుకే నా దగ్గరికి వచ్చే సైనిక దంపతులకు మూడు మాటలు విడదీసి చూసుకోమంటాను: చెప్పకూడనిది, చెప్పలేనిది, చెప్పబుద్ధి కానిది. ఎక్కడున్నారు, ఎటు కదులుతున్నారు, ఎందరున్నారు అన్నవి చెప్పకూడనివి. అవి మీరు అడగొద్దు. ఆయన పొరపాటున నోరుజారినా మీ దగ్గరే ఆగిపోవాలి. ‘మా ఆయన రేపు వచ్చేస్తున్నారు’ అని సంబరంగా స్టేటస్ పెట్టడం కూడా వద్దు, ఆ కబురు ఎవరెవరు చదువుతారో మీకు తెలియదు. చెప్పలేనిది అంటే ఆయన చూసినవాటిలో ఇంకా మాటలు దొరకనివి. వాటికి నెలలు పట్టొచ్చు, తోడటానికి ప్రయత్నించకండి. చెప్పబుద్ధి కానిది అంటే కేవలం అలసట. రాత్రి కాపలాలు చేసొచ్చిన ఒంటికి నిద్ర బాకీ ఒక్క రోజులో తీరదు, మొదటి రెండు మూడు రోజుల నిద్రను మీ మీద అయిష్టంగా లెక్క కట్టకండి. ఇప్పుడు ఆయన ఈ మూడింటికీ కలిపి ‘బాగానే ఉన్నా’ అంటున్నారు. ‘చెప్పకూడదు’, ‘ఇప్పుడు చెప్పలేను’, ‘పడుకుని లేచాక చెబుతా’ అని విడివిడిగా అంటే చాలు, మీకు సగం అర్థమైపోతుంది. ఈ ఒప్పందం మాత్రం ఎదురెదురుగా కూర్చుని చేసుకోవాల్సింది. ఇంకా మూడు వారాలుంది కదా.

ఇక రెండు నిమిషాల ఫోన్. అందులో కాపురం మొత్తం పట్టదు. డబ్బు విషయాలు, అత్తయ్య మీద ఫిర్యాదులు, ‘మీరు మారిపోయారు’ లాంటి మాటలు ఆ రెండు నిమిషాల్లోకి తేకండి. లైన్ మధ్యలో తెగిపోతే సగం మాటతో ఇద్దరూ రాత్రంతా దొర్లుతారు. దానికి బదులు రోజులో జరిగిన ఒక చిన్న నిజం చెప్పండి. ‘నిన్న కరెంటు పోయింది, భయమేసింది, కాసేపటికి సర్దుకున్నా’. ఇందులో భయం ఉంది, సర్దుకోవడం కూడా ఉంది. ఆయన పరిగెత్తుకు రావాల్సిన పని లేదని తెలుస్తుంది, మీరు రాతిబొమ్మ కాదనీ తెలుస్తుంది. ఆయన్నీ అలాంటి ఒక్కటే అడగండి. కాలి బూటు కరిచిందా, రాత్రి చలేసిందా, ఎవరి మాటకు నవ్వొచ్చింది, ఇలాంటివి ఏ రహస్యమూ కావు. ఫోన్‌లో పట్టనివన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసిపెట్టండి. ఆయన్నీ రాయమనండి, రాయకపోతే పట్టుబట్టకండి. వచ్చాక ఆ పుస్తకం ఆయన చేతికిస్తే, తను లేని 40 రోజులూ ఆ ఇల్లు ఎలా గడిచిందో చదువుకుంటారు. అల్మారాలో ఏ వస్తువు ఎందుకు అక్కడికి వెళ్లిందో కూడా.

మీ అత్తయ్య ఫోన్ సంగతి. ఆవిడ అడిగేది మిమ్మల్ని కాదమ్మా, ఆవిడ భయాన్ని. మీరు టెలిఫోన్ ఎక్స్చేంజ్ అయిపోయారు, అందుకే అలసిపోతున్నారు. వీలున్నప్పుడు ఒక ముక్క నేరుగా వాళ్లమ్మకు పంపమని మీ ఆయనకు చెప్పండి, అది కొడుకు పని. అప్పటిదాకా ఒకే మాట స్థిరంగా చెప్పండి: ‘అత్తయ్యా, ఏదైనా ఉంటే యూనిట్ నుంచి మనకు కబురొస్తుంది. ఫోన్ రాకపోతే అది కబురు కాదు.’ ఇది నిజం కూడా. సిగ్నల్ ఉండకపోవచ్చు, ఫోన్లు పక్కన పెట్టించి ఉండొచ్చు, మనిషి నిద్రపోతూ ఉండొచ్చు. రోజూ కాకుండా మీరే వారానికి రెండుసార్లు ఒక వేళకు ఫోన్ చేయడం మొదలుపెడితే, ఆవిడ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడే బాధ మీకు తగ్గుతుంది.

అమ్మ విషయంలో కాస్త కటువుగా చెబుతాను, ఏమనుకోకండి. గొడవైనప్పుడు అమ్మకు చెప్పారు. మాటలు కలిసిన రోజు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. చాలామంది చెప్పరు. అందుకే అమ్మ దగ్గరున్న పద్దులో అల్లుడి పేరు మీద అప్పులే తప్ప జమ ఒక్కటీ ఉండదు. ఆ లెక్క చూసుకుని ఆవిడ ‘వచ్చేయ్’ అంటే తప్పు ఆవిడది కాదు.

వెళ్లాలా వద్దా? వెళ్లండి. వెళ్లడం, వెళ్లిపోవడం వేరు. ఆయన లేని రోజుల్లో, ముందే ఆయనతో అనుకుని, తిరిగొచ్చే తేదీ పెట్టుకుని ఒక పదిహేను రోజులు అమ్మ దగ్గర గడపడం మంచిదే. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా అంటే మాత్రం నేను ఒప్పుకోను. తర్వాతి చోటికీ ఇదే ‘బాగానే ఉన్నా’ మీతో పాటే మూటాముల్లె సర్దుకుని వస్తుంది. పైగా దూరం అలవాటయ్యాక, కలిసి ఉండటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పిల్లల చదువులనో, ఉద్యోగమనో ఆలోచించి విడిగా ఉండే సైనిక కుటుంబాలు చాలానే ఉన్నాయి, అది ఇద్దరూ కూర్చుని తీసుకునే నిర్ణయమైతే సరే. అల్మారా గొడవ మీద తీసుకునేది కాకూడదు.

ఈ మూడు వారాల్లో కాగితాల పని కూడా ఉంది. బ్యాంకు ఖాతాలో మీ పేరుందా, నామినీ ఎవరు, ఏ కాగితం ఎక్కడుంది, రాత్రివేళ అవసరమైతే యూనిట్‌లో ఏ నంబరుకు చేయాలి, ఒక పేజీలో రాయించుకోండి. అపశకునమని వాయిదా వేయకండి. పనిలో పనిగా పక్క క్వార్టర్లలో ఒక్క ఇంటి తలుపు తట్టండి. భర్తల ర్యాంకులను బట్టి భార్యల కుర్చీలు కూడా వరుస కడతాయని నాకు తెలుసు, చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. మీకు పదిమంది స్నేహితులు అక్కర్లేదు. ఒంట్లో బాగోలేని రోజున పిలిస్తే వచ్చే ఒక్క మనిషి చాలు.

నేను చెప్పినవన్నీ మామూలు ఎడబాటుకు. ఆయన వచ్చి నెల దాటినా పీడకలలు ఆగకపోతే, చిన్న చప్పుడుకే ఎగిరిపడుతుంటే, తాగుడు పెరిగితే, మనుషులకు పూర్తిగా దూరమైతే సైనిక వైద్యుల దగ్గరికో, మానసిక వైద్యుల దగ్గరికో తీసుకెళ్లాలి. మీకూ అంతే. రెండు వారాలు దాటి రోజంతా దిగులు, నిద్ర లేకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం ఉంటే, ఆయన వచ్చేదాకా ఆగకుండా మీరే డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన ఎవరికొచ్చినా ఆ రోజే. ఆయన చెయ్యెత్తితే, లేదా ఇంట్లో ఉండటానికి మీకు భయమేస్తే, అప్పుడు నోట్‌బుక్కూ ఒప్పందమూ ఏమీ వద్దు. ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్లి, తర్వాత మాట్లాడదాం. మీ ఉత్తరంలో అలాంటి జాడ కనబడలేదు కాబట్టే ఇంత తీరిగ్గా రాస్తున్నాను.

బయల్దేరే ముందు వారం మళ్లీ ఏదో చిన్నదానికి గొడవ రావచ్చు. కోపం మీదుంటే విడిపోవడం తేలికనిపిస్తుంది, అందుకే వస్తుంది. అప్పుడు ‘మనకిది వెళ్లే వారం కదా’ అని ఎవరో ఒకరు పైకి అనండి.

దానికంటే ముందు, ఈ ఆదివారం అల్మారాలో ఒక అర ఖాళీ చేసి ఆయనకివ్వండి. అందులో ఎలా సర్దుకుంటారో ఆయన ఇష్టం. ఆయన వెళ్లాక అది అలాగే ఉంచండి, దుమ్ము దులపండి చాలు.