ఎర్రబడిన పులుసు మచ్చ

ప్రశ్న: మా మావయ్యగారు ఏలూరులో కొన్న ఉన్ని తివాచీ మా హాల్లో ఉందండి. గోదారికి ఎర్రనీరు తగిలిన వారంలో చుట్టాలొచ్చారని పులస వండితే, పులుసు గిన్నె దాని మీద దొర్లింది. వంటసోడా నీళ్లతో రుద్దాను. పసుపు మచ్చ కాస్తా ఎర్రబడింది. ఒక చివర కుచ్చులు కూడా తెగి, ఉన్ని పోగుల ముళ్లు జారిపోతున్నాయి. లాండ్రీకి వేసెయ్యనా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ తివాచీకి పెట్టమన్లేదమ్మా! లాండ్రీకి మాత్రం వెయ్యకండి.

హారతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి కదా, మీ సోడా చేసిందీ అదే. సబ్బూ అంతే చేస్తుంది. పైగా ఆ ఘాటు ఉన్నికి పడదు. గ్లాసుడు చన్నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలపండి. ముందు వెనకవైపు ఓ మూల తడిపి, తెల్లగుడ్డ అదిమి చూడండి. రంగు అంటితే అక్కడితో ఆపెయ్యండి. అంటకపోతే మచ్చ మీద అద్దండి, రుద్దొద్దు. ఎరుపు తగ్గి మళ్లీ పసుపు తేల్తుంది. వెంటనే పొడిగుడ్డతో తడి పీల్చి, రెండు కుర్చీల మీద వేసి కింద ఫాను పెట్టండి. మన ముసురులో లోపలి నూలు పడుగు, అంటే నిలువు పోగులు, తడిగా ఉండిపోతే కుళ్లుతుంది.

మిగిలిన పసుపు సంగతి ఎండ చూసుకుంటుంది. అయితే తివాచీ రంగులూ ఎండకి వెలుస్తాయి. అందుకని పాత దుప్పటికి మచ్చంత కన్నం చేసి పైన కప్పి, రోజూ పొద్దుటెండలో ఓ గంట వెయ్యండి.

కుచ్చుల పని అంతకంటే తొందర. అవి అలంకారం అనుకుంటారు అందరూ. నేను ముప్ఫై ఏళ్లు మగ్గం ముందు కూచున్నదాన్ని, చెబుతున్నా వినండి: కుచ్చంటే పడుగు చివరే. అది తెగితే పేక, అంటే అడ్డపోగు, జారుతుంది, వెనకాలే ముళ్లూ ఊడతాయి. మందపాటి నూలుదారంతో అంచు పొడుగునా కాజా కుట్టు వెయ్యండి. సూది రెండు మూడు పేకల లోపలికి దిగాలి, పడుగు పోగు మాత్రం చీలకూడదు. మిషను మీద కుట్టించొద్దు.

కుట్టేటప్పుడు సోఫా కింద ఉండే భాగం తిరగేసి చూడండి. చీకట్లో, కదలని చోటే చిమ్మట పిల్లపురుగులు ఉన్ని కొరుకుతాయి. నెలకోసారి అటూ ఇటూ వాక్యూమ్ పడితే చాలు.

బోడి అయిన చోట కొత్త ముళ్లు వెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు. ఏలూరులో నేతగాళ్లకే చూపించండి. ఊడిన పోగులు ఊడ్చి పారెయ్యకుండా పొట్లం కట్టి పట్టుకెళ్లండి, రంగు కలుపుకోడానికి వాళ్లు ముందు అవే అడుగుతారు.