ఇద్దరం కొన్న డ్రమ్స్ సెట్‌ను నేనొక్కడినే అమ్మొచ్చా?

ప్రశ్న: మాది కడప. ముప్పై ఏళ్లకు పైగా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించాను. భుజం సహకరించక మానేశాను. 1986లో నేనూ, మా కీబోర్డు మిత్రుడూ చెరిసగం వేసుకుని మద్రాసులో ప్రీమియర్ కంపెనీ పాత డ్రమ్స్ సెట్ ఒకటి కొన్నాం. 1960ల నాటిది. ప్రొద్దుటూరు దసరా, ఒంటిమిట్ట శ్రీరామనవమి, పెళ్లిళ్లు అన్నీ దానితోనే వాయించాం. ఆయన 2011లో పోయాడు. సెట్ మొదటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు బెంగళూరు నుంచి ఒకతను మంచి ధర ఇస్తానంటున్నాడు. అమ్మొద్దని మా అబ్బాయి గొడవ. పాత వస్తువుకు ప్రభుత్వ అనుమతి కావాలని ఇంకొకరు టెన్షన్ పెట్టారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మొచ్చు. కానీ బెంగళూరు ఆయనకు మాట ఇచ్చే ముందు మీ మిత్రుడి ఇంటికి వెళ్లి రండి. ఆయన భార్యాపిల్లల గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

చెరిసగం పెట్టి కొన్నారు కాబట్టి మీరిద్దరూ సహ యజమానులు. ఆయన పోయినంత మాత్రాన ఆ సగం మీది కాలేదు. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అప్పటికి తల్లి ఉండి ఉంటే ఆమెకు సమానంగా చెందుతుంది. ఇన్నేళ్లయింది కదా, వాళ్లు వాటా అడిగే గడువు తీరిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక సహ యజమాని దగ్గరున్న వస్తువు అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. ‘ఇది నాదే, మీకేం లేదు’ అని మీరు అడ్డం తిరిగితేనే గడువు మొదలవుతుంది.

ఆర్కెస్ట్రాను లాభాలు పంచుకునే పార్ట్‌నర్‌షిప్‌గా నడిపి, సెట్‌ను దాని ఆస్తిగా చూసుకుని ఉంటే సంగతి వేరు. వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది, లెక్కలు అడగడానికి మూడేళ్లే గడువు. అది 2014లోనే దాటింది. ఈ వాదనతో కోర్టులో మీరు గట్టెక్కవచ్చు. అయినా దాన్ని పట్టుకుని ఆ ఇల్లాలిని పక్కన పెట్టమని నేను చెప్పలేను. పాతికేళ్లు మీ పక్కన నిలబడి వాయించిన మనిషి వాటా అది.

చెప్పకుండా అమ్మితే? 1930 సరుకుల విక్రయ చట్టం 28వ సెక్షన్ ప్రకారం, సంగతి తెలియక నిజాయతీగా కొన్నవాడికి పూర్తి హక్కు వస్తుంది. అతను సేఫ్. ఆ కుటుంబానికి జవాబు చెప్పాల్సింది మీరు.

కాబట్టి సెట్ వివరాలు, వాటాలు, అమ్మకానికి సమ్మతి రాసి, వారసులందరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాళ్ల సగం నేరుగా వాళ్ల ఖాతాలకే పంపండి. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. దావా వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, ఫీజు ఉండదు.

మీ అబ్బాయి విషయానికొస్తే, మీ సగం మీ స్వార్జితం. మీరుండగా దానిపై అతనికి హక్కు లేదు. కానీ ఎందుకు వద్దంటున్నాడో కూర్చోబెట్టి అడగండి. నిజంగా ఉంచుకోవాలని ఉంటే మిత్రుడి వారసులకు సగం ధర అతనే కట్టుకోవచ్చు, మీ సగం మీరు దానంగా ఇవ్వొచ్చు. ఇలాంటి వస్తువును ఇష్టపూర్వకంగా చేతికి అప్పగిస్తే దానం పూర్తయినట్టే. ఆ తర్వాత మనసు మారిందని వెనక్కి అడగడం కుదరదు.

ప్రభుత్వ అనుమతి భయం వదిలేయండి. 1972 పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువుల్లో నూరేళ్లు నిండినవాటికే వర్తిస్తుంది. ఒక్క జాగ్రత్త: మీ దగ్గర ఉడుము చర్మం బిగించిన పాత కంజీర ఉంటే ఈ బేరంలో కలపకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని అమ్మడం జైలుశిక్ష పడే నేరం.

అమ్మకం కాగితంలో తెలిసినదే రాయండి. షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) మీది బ్యాడ్జీ, సింబల్ (లోహపు తాళం పళ్లెం) మీద కొట్టిన కంపెనీ ముద్ర దగ్గరగా ఫొటో తీసి జతచేయండి. పెడల్, హై-హ్యాట్ (కాలితో మోగించే జంట సింబల్స్) స్టాండు తర్వాత మార్చినవైతే అదీ రాయండి. ‘అంతా ఒరిజినల్’ అని రాసి, కాదని తేలితే కొన్నవాడు సెట్ తిప్పి పంపి డబ్బు అడగగలడు.

డబ్బు ఖాతాలో పడ్డాకే సెట్ బండెక్కించండి. డబ్బు వేస్తాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది మోసం. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి.